తడబడే ఛాత్రోపాధ్యాయుడు, విసిగిన మెంటర్: ఒక సంవాదం

బీఈడీ, డీఎడ్ చదువుతూ పాఠశాలలో పాఠం చెప్పడం నేర్చుకునేవారిని ఛాత్రోపాధ్యాయులంటారు. వారి పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని చూసి, దిద్ది, చివరికి మార్కులు వేసే ఉపాధ్యాయుడు మెంటర్ టీచర్. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్ల కోర్సయింది. అందులో కనీసం 20 వారాలు పాఠశాలలో గడపాలి: మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు. ఈ 16 వారాల ఇంటర్న్‌షిప్‌లో చాలామంది తడబడుతూనే నిలదొక్కుకుంటారు. కొందరు ఎంత చెప్పినా నిలదొక్కుకోరు. అలాంటివారితో మెంటర్ పడే విసుగు స్టాఫ్ రూముల్లో రోజూ వినిపించేదే. పరిశీలన రికార్డుల్లో మాత్రం దాని ఊసుండదు.

ఆ విసుగు న్యాయమైనదేనా అన్నదానిపై రెండు పక్షాలున్నాయి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే స్కూల్ అసిస్టెంట్ ఒక పక్షం. తడబాటు ఒక హద్దు దాటాక మెంటర్ చేయగలిగింది లేదని, పిల్లల చదువు పణంగా పెట్టి ఎవరికీ ఉద్యోగం నేర్పకూడదని ఆమె వాదన. బీఈడీ కళాశాలలో గణిత బోధన పద్ధతులు చెబుతూ, పర్యవేక్షకుడిగా పాఠశాలలకు వెళ్లే అధ్యాపకుడిది రెండో పక్షం. మెంటర్ల విసుగులో ఎక్కువ భాగం వాళ్లు నేర్పే తీరు నుంచే పుడుతుందని ఆయన అంటాడు. ఇద్దరి వాదం ఐదు అంశాల మీద నడుస్తుంది.

1. పీరియడ్లు ఎవరివి

ఉపాధ్యాయిని: ముందు పిల్లల సంగతి చూడండి సార్. ఏడో తరగతి భిన్నాల యూనిట్ మీ ఛాత్రోపాధ్యాయుడి చేతికిస్తాను. అతను ముగించాక అదే యూనిట్ నేను మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవాలి. ఈలోగా సిలబస్ ఆగదు, ఫార్మేటివ్ పరీక్ష ఆగదు, మార్కుల ఆన్‌లైన్ ఎంట్రీ ఆగదు. ఇంటర్న్ వచ్చాడని నాకు ఒక్క పీరియడ్ కూడా తగ్గించరు. పాఠం అయ్యాక కూర్చుని మాట్లాడదామంటే బెల్లు కొట్టగానే నాకు పదో తరగతి ఉంటుంది. వరండాలో నడుస్తూ రెండు ముక్కలు చెప్పడమే మెంటరింగ్ అయింది.

అధ్యాపకుడు: కాదనను మేడమ్. కానీ అందులో అతని తప్పేముంది? తప్పు టైమ్‌టేబుల్‌ది. ఎదురుగా కనిపించేది అతనే కాబట్టి కోపం అతని మీదికి పోతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్లన్నీ ఇంటర్న్‌లకే అంటగడతారు. లెక్కల అబ్బాయిని తీసుకెళ్లి సోషల్ క్లాసులో కూర్చోబెడతారు. అలా రోజుకు ఐదు పీరియడ్లు పిల్లల్ని కాపలా కాసినవాడు మర్నాటి పాఠానికి ఏం తయారవుతాడు?

ఉపాధ్యాయిని: అదీ జరుగుతోంది. స్టాఫ్ లేని బళ్లో హెడ్మాస్టరు మాత్రం ఏం చేస్తారు?

ఈ చిక్కు తెలుగు రాష్ట్రాలకే పరిమితం కాదు. ఇంగ్లండ్‌లో 1992 సంస్కరణలతో మాధ్యమిక ఉపాధ్యాయ శిక్షణలో 36 వారాల కోర్సుకు 24 వారాలు పాఠశాలలోనే గడపాలన్నారు. శిక్షణ బరువు పాఠశాల మీదికి మారితే, దాన్ని మోసే ఉపాధ్యాయుడికి వేళ ఎవరిస్తారన్న ప్రశ్న అక్కడా తప్పలేదు. అందుకే మెంటర్ విసుగును రెండుగా విడదీసి చూడాలి. వేళ లేకపోవడం వల్ల కలిగేది ఒకటి, ఎదుటి మనిషి వల్ల కలిగేది మరొకటి. మొదటిదానికి మందు ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఉంది: ఇంటర్న్‌షిప్ సాగినన్నాళ్లూ వారానికి ఒక పీరియడైనా మెంటర్‌కు, ఛాత్రోపాధ్యాయుడికి ఒకేసారి ఖాళీ ఉండేలా టైమ్‌టేబుల్ వేయడం. దీని మీద ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా రెండోదాని మీదే.

2. చెప్పిందే చెప్పడం

ఉపాధ్యాయిని: మీకు ఒక్క పాఠం చూపిస్తాను. బోర్డు మీద 1/2 + 1/3 రాశాడు. క.సా.గు. 6 అన్నాడు, జవాబు 5/6 రాశాడు. అంతసేపూ పిల్లలకు వీపే కనిపించింది. ఇటు తిరిగి “అర్థమైందా?” అన్నాడు. “అయింది సార్” అని క్లాసంతా పాట పాడింది. వెంటనే తర్వాతి లెక్కకు పోయాడు. నేను లేచి వెనక వరసలో నోట్‌బుక్కులు చూస్తే ముగ్గురు 2/5 అని రాసుకున్నారు. పైన ఉన్నవి పైన, కింద ఉన్నవి కింద కూడేశారు. పరిశీలన పుస్తకంలో రాశాను, పిలిచి నోటితోనూ చెప్పాను. మర్నాడు మళ్లీ అదే వీపు, అదే “అర్థమైందా?”. వారం తర్వాతా అంతే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.

అధ్యాపకుడు: పుస్తకంలో ఏమని రాశారు?

ఉపాధ్యాయిని: ఉన్నదే రాశాను. పిల్లల్ని గమనించాలి, ప్రశ్నలు బాగా అడగాలి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు, గొంతు పెంచాలి, బోధనోపకరణాలు (టీఎల్‌ఎం) వాడాలి, సమయపాలన చూసుకోవాలి.

అధ్యాపకుడు: ఆరు సూచనలు. అందులో “పిల్లల్ని గమనించాలి” అన్నది మీకు ఒక్క పని. అతనికి అది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని పని. మీరు బోర్డు మీద రాస్తూనే వెనక గుసగుసను బట్టి ఎవరు పాఠం వదిలేశారో చెప్పగలరు. తరగతి గదిలో ఏ మూల ఏం జరుగుతోందో టీచరుకు తెలుసునని పిల్లలకు తెలియడమే క్రమశిక్షణకు మూలమని జేకబ్ కూనిన్ 1970లో రాశాడు. ఆ నేర్పు ఏళ్ల మీద వస్తుంది. “గమనించు” అన్నంత మాత్రాన రాదు.

ఉపాధ్యాయిని: బోర్డుకు అతుక్కుపోకుండా ఇటు తిరగడానికి కూడా ఏళ్లు కావాలా?

అధ్యాపకుడు: “అర్థమైందా?” అనడం ఎక్కడ నేర్చుకున్నాడో ఆలోచించండి. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా బెంచీ మీద కూర్చుని విన్నది అదే. ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చేవాళ్లు విద్యార్థులుగా ఉన్నన్నాళ్లూ చూసిందే తెలియకుండా ఒక శిక్షణ అవుతుందని డాన్ లార్టీ 1975లోనే చెప్పాడు. టీచరు పైకి చేసేది పిల్లవాడికి కనిపిస్తుంది. ఆ ఉదాహరణనే ఎందుకు ఎంచుకున్నాడో, ఆ ప్రశ్న ఆ పిల్లనే ఎందుకు అడిగాడో కనిపించదు. అన్నేళ్ల అలవాటు మీద మీరు ఆరు వాక్యాలు రాసి, మర్నాటికల్లా పోవాలంటున్నారు.

ఉపాధ్యాయిని: మీరైతే ఏం రాస్తారు?

అధ్యాపకుడు: ఒక్కటే రాస్తాను. “రేపు పీరియడ్ మొత్తంలో ‘అర్థమైందా’ అనవద్దు. దాని బదులు బోర్డు మీద 1/2 + 1/4 ఇచ్చి, పిల్లల మధ్య తిరిగి నోట్‌బుక్కులు చూడు. ఎవరు 2/6 రాశారో నాకు చెప్పు.” ఇది చేశాడా లేదా అన్నది ఎవరికైనా కనిపిస్తుంది. చేస్తే బోర్డు వైపు తిరిగి ఉండడం దానంతటదే తగ్గుతుంది.

ఉపాధ్యాయిని: అలాంటిదీ ఇచ్చి చూశాను సార్. 2/5 రాసిన పిల్లను, “సగానికి మూడో వంతు కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుంది?” అని అడగమన్నాను. అడిగాడు. ఆ పిల్ల తలెత్తి ఆలోచించే లోపే జవాబు తనే చెప్పేశాడు. మంచి ప్రశ్న కాస్తా మట్టిపాలైంది.

ఉపాధ్యాయిని చెప్పిన ఈ లోపం కొత్తవారిదే కాదు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు మామూలుగా ఒక సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయని, జవాబు చెప్పే పిల్లల సంఖ్య కూడా పెరుగుతుందని మేరీ బడ్ రో 1970 దశకంలో చూపింది. అనుభవమున్నవారికే కష్టమైన ఆ నిశ్శబ్దం, వెనక బెంచీలో మార్కులు వేసే మనిషి కూర్చున్నప్పుడు ఛాత్రోపాధ్యాయుడికి మరీ పొడుగ్గా తోస్తుంది. కనుక ఈ అంశంలో అధ్యాపకుడి వాదానికే బలం ఎక్కువ. సూచన ఒక్కటిగా, చేసి చూపగలిగేదిగా, మర్నాడే సరిచూడగలిగేదిగా ఉండాలి. అలాంటి సూచన ఇచ్చి చూశాకే “చెప్పినా వినడు” అనే ఫిర్యాదుకు విలువ వస్తుంది.

3. తలూపడం

ఉపాధ్యాయిని: వాదించేవాడితో ఎలాగోలా వేగొచ్చు. నేనేం చెప్పినా “సరే మేడమ్” అని తలూపేవాడితోనే వేగలేం. లెసన్ ప్లాన్ రికార్డు చూస్తే ముచ్చటేస్తుంది. అట్ట, లేబులు, చుట్టూ స్కెచ్ పెన్ బోర్డర్లు. లోపల ఉన్నది సీనియర్ రికార్డులోంచి దించినది. నిన్న మాట్లాడుకున్నదాంట్లో ఒక్క అక్షరం ఇవాళ్టి ప్లాన్‌లోకి రాదు. మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో చూస్తే డీఎస్సీ బిట్ బ్యాంకు తిరగేస్తుంటాడు.

అధ్యాపకుడు: తలూపడం మనం పెంపకంలో నేర్పిందే కదా. పెద్దవాళ్లు చెబుతుంటే ఎదురు మాట్లాడొద్దన్నాం. పైగా మార్కులు మీ చేతిలో ఉన్నాయి. “నాకు అర్థం కాలేదు మేడమ్” అంటే అది రికార్డులోకి ఎక్కుతుందని భయం. కొత్త ఉపాధ్యాయుల బెంగలన్నీ మొదట్లో తమ చుట్టూనే తిరుగుతాయని, పిల్లలు నేర్చుకున్నారా లేదా అనే బెంగ తర్వాతే వస్తుందని ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969లో చెప్పింది. మీ ఇంటర్న్ ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాడు.

ఉపాధ్యాయిని: బిట్ బ్యాంకు కూడా ఆ బెంగలో భాగమేనా?

అధ్యాపకుడు: అది లెక్క మేడమ్. టెట్ 150 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. డీఎస్సీ మెరిట్‌లో టెట్‌కు 20 శాతం వెయిటేజీ, మిగతా 80 శాతం డీఎస్సీ రాత పరీక్షది. అందులో ఎక్కడా అతను పాఠం చెప్పడం ఎవరూ చూడరు. ఉద్యోగం తెచ్చిపెట్టేది ఏదో చూసుకుని దాని మీద కూర్చున్నాడు. వ్యవస్థ అడిగిందే చదువుతున్నాడు.

ఉపాధ్యాయిని: మీరు నా వాదాన్నే బలపరిచారు. టెట్ చూడదు, డీఎస్సీ చూడదు. పిల్లల ముందు అతను నిలబడ్డప్పుడు ఎలా ఉంటాడో చూసేది ఈ 16 వారాల్లో మనమిద్దరమే. అలాంటప్పుడు మనం వేసే మార్కు నిజం కాకపోతే ఇంకెక్కడ నిజమవుతుంది?

ఇక్కడితో వాదం స్వభావం మారుతుంది. అంతవరకు ప్రశ్న మెంటర్ ఓపిక గురించి. ఇక నుంచి మెంటర్ నిజాయితీ గురించి.

4. మార్కులు

ఉపాధ్యాయిని: నాలుగు మార్కులు తగ్గిస్తే ఫోన్లు వస్తాయి. “పాపం, ఫీజు కట్టుకుని చదువుతున్నాడు మేడమ్, అందరికీ వేసినట్టే వేయండి” అంటారు. చివరికి మార్కుల షీటులో రోజూ పిల్లల నోట్‌బుక్కులు ఇంటికి తీసుకెళ్లి చూసిన అమ్మాయి, ప్లాన్ కూడా రాయని అబ్బాయి పక్కపక్కన నిలబడతారు. ఆ అమ్మాయికి మనం ఏం చెప్పినట్టు?

అధ్యాపకుడు: ఫోన్లు తప్పే. కానీ 16 వారాలు చూసి ఒకణ్ణి పనికిరాడని తేల్చడం అంత తేలికా? ఉద్యోగంలో చేరి, సొంత తరగతి చేతికొచ్చాక కుదురుకున్నవాళ్లు ఎంతమంది లేరు? ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటినవాళ్లు వస్తున్నారు. ఇంకో ఏడాది చదవమంటే ఆ ఇల్లు తట్టుకోదు.

ఉపాధ్యాయిని: కుదురుకునేవరకు ఆ తరగతి పిల్లల గతేమిటి? వాళ్లకు ఏడో తరగతి మళ్లీ రాదు కదా. జాలి మనది, నష్టం వాళ్లది.

అధ్యాపకుడు: సరే, ఒకటడుగుతాను. అతని పాఠం నిలబడదని మీకు ఎప్పుడు తెలిసింది?

ఉపాధ్యాయిని: మూడో వారానికే.

అధ్యాపకుడు: అతనికి ఎప్పుడు తెలిసింది?

ఉపాధ్యాయిని: మార్కుల షీటు చూశాక.

అధ్యాపకుడు: నా అభ్యంతరం అక్కడే. మూడో వారం నుంచి పదహారో వారం దాకా పరిశీలన పుస్తకంలో “బాగుంది, ఇంకా మెరుగుపడాలి” అని ఉంటుంది. చివర్లో మార్కు తగ్గుతుంది. అది మూల్యాంకనం అనిపించుకోదు, కక్ష అనిపించుకుంటుంది.

మెంటర్ పాత్రలోనే ఉన్న వైరుధ్యం ఈ మాటల్లో బయటపడింది. సాయం చేసే మనిషి దగ్గర తన లోపం దాచకూడదు. మార్కులు వేసే మనిషి దగ్గర దాచక తప్పదు. ఇద్దరూ ఒకరే అయినప్పుడు ఛాత్రోపాధ్యాయుడు దాచడానికే మొగ్గుతాడు. మెంటర్లు సాయం మాని తీర్పులకు దిగే ఈ ధోరణిని ఆండ్రూ హాబ్సన్, ఆంగీ మాల్డెరెజ్ 2013లో చర్చకు పెట్టారు. లోపాలను మెంటరే ఎంచి, మెంటరే పరిష్కారం చెప్పేస్తుంటే కొత్త టీచరుకు ఎదుగుదల ఆగిపోతుందని, తన కష్టం బయటపెట్టడమే మానేస్తాడని వారి వాదన. మెంటర్‌ను విసిగించే ఆ తలూపుడుకు కారణం చాలావరకు ఇక్కడే ఉంది.

దీని మీద ఇద్దరూ ఒక ఒప్పందానికి వస్తారు. పాఠం నిలబడటం లేదన్న సంగతి నాలుగో వారం దాటకుండా రాతపూర్వకంగా, కళాశాలకు కూడా తెలిసేలా చెప్పాలి. ఏ రెండు మూడు విషయాలు మారాలో, ఏ తేదీకి మళ్లీ చూస్తారో అందులో ఉండాలి. ఆ కాగితం లేకుండా చివర్లో మార్కు తగ్గించడం ఎంత అన్యాయమో, ఆ కాగితం ఉండి కూడా అందరితో సమానంగా మార్కు వేయడం అంతే అన్యాయం.

5. మళ్లీ చెప్పించడం

అధ్యాపకుడు: సూక్ష్మ బోధన మా కాలేజీలో ఎలా నేర్పుతామో మీకు తెలుసు. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు చర్చ, 12 నిమిషాలు మళ్లీ తయారవడం, 6 నిమిషాలు పునర్బోధన, 6 నిమిషాలు పునఃచర్చ. మొత్తం 36 నిమిషాలు. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ ఆలెన్ బృందం మొదలుపెట్టినప్పుడు కూడా కీలకం ఆ పునర్బోధనే. బడికి వచ్చేసరికి అది మాయమవుతుంది. పాఠం ఒక్కసారే, దాని మీద వ్యాఖ్య, మర్నాడు వేరే పాఠం. నిన్నటి సలహా వాడుకోవడానికి చోటేది?

ఉపాధ్యాయిని: చోటుంది సార్. మా బళ్లో ఏడో తరగతికి రెండు సెక్షన్లున్నాయి. ఇదే పాఠం ఎ సెక్షన్‌లో చెప్పించి, మాట్లాడి, ఒక్క మార్పుతో బి సెక్షన్‌లో చెప్పించొచ్చు. రెండు పీరియడ్లకు మధ్య ఇంటర్వెల్ వచ్చేలా చూసుకుంటే చాలు.

అధ్యాపకుడు: ఒకే సెక్షన్ ఉన్న బడి అయితే?

ఉపాధ్యాయిని: పాఠం మొత్తం అక్కర్లేదు. మొదటి పది నిమిషాలు మర్నాడు మళ్లీ చెప్పిస్తే పిల్లలకు పునశ్చరణ అవుతుంది, అతనికి పునర్బోధన అవుతుంది. కానీ నేను ఎదురుగా కూర్చుని రాసుకుంటుంటే బిగుసుకుపోతాడు కదా?

అధ్యాపకుడు: వ్యాఖ్య బదులు లెక్క రాయండి. తరగతిలో ఎవరు ఎంత మాట్లాడారో లెక్కగట్టే ఫ్లాండర్స్ పద్ధతి ప్రతి బీఈడీ విద్యార్థికీ కంఠోపాఠం. 10 విభాగాలు: టీచరు మాటకు 7, పిల్లల మాటకు 2, నిశ్శబ్దానికి లేదా గందరగోళానికి 1. మూడేసి సెకన్లకు ఒక గుర్తు. పరీక్షలో రాసి వదిలేసేదే తప్ప తన పాఠం మీద ఎవరూ వేసి చూసుకోరు. పది విభాగాలూ వద్దు. టీచరు మాట్లాడితే ఒక గీత, పిల్లలు మాట్లాడితే ఒక గీత. పది నిమిషాలు గీసి ఆ కాగితం అతని చేతికివ్వండి. “నువ్వే ఎక్కువ మాట్లాడుతున్నావు” అని మీరు అనక్కర్లేదు, గీతలు చెబుతాయి.

వీరిద్దరూ చేరుకున్న ఈ పద్ధతికి ఉపాధ్యాయ విద్యలో పాత పునాదే ఉంది. రాబర్ట్ గోల్డ్‌హామర్ 1969లో, మోరిస్ కోగన్ 1973లో వివరించిన క్లినికల్ సూపర్‌విజన్ సారం ఇదే. పాఠానికి ముందే కూర్చుని ఇవాళ ఏం చూడాలో ఇద్దరూ అనుకోవడం, దాన్నే చూసి జరిగింది జరిగినట్టు రాయడం, దాన్ని విశ్లేషించుకోవడం, పాఠం తర్వాత ఆ రాతను మధ్యలో పెట్టుకుని మాట్లాడటం, చివరగా ఆ సంభాషణ ఎలా సాగిందో మెంటర్ తనను తాను చూసుకోవడం. పాఠానికి ముందు మాట్లాడే ఐదు నిమిషాలు పాఠం తర్వాత అరగంట విసుగును తప్పిస్తాయి. దేని గురించి మాట్లాడబోతున్నారో అప్పటికే ఇద్దరికీ తెలుసు కాబట్టి.

ఎంతవరకు

తడబాటు అంతా ఒకే రకం కాదన్నది సంవాదంలో తేలిన ముఖ్యమైన విషయం. భయం వల్ల తడబడేవారికి వారాలు గడవడం, పునర్బోధన పనిచేస్తాయి. తరగతి నిర్వహణలో తడబడేవారికి ఒక్కొక్క సూచనగా, సరిచూస్తూ పోవడం పనిచేస్తుంది. హారాలు సమానం చేయకుండా భిన్నాలు ఎందుకు కూడకూడదో తనకే తెలియని ఛాత్రోపాధ్యాయుడి లోటు డిగ్రీ నాటిది. దాన్ని మెంటర్ పాఠానికి పాఠంగా పూడ్చలేరు. దాన్ని కళాశాల తనవైపు తీసుకోవాలి. తయారై రాకపోవడం నాలుగో రకం. దానికి మెంటర్ ఓపిక మందు కాదు, గడువే మందు. నాలుగింటినీ “వీడింతే” అన్న ఒక్క మాటతో సరిపెట్టినప్పుడు విసుగు అన్యాయమవుతుంది. నాలుగింటినీ ఒకే జాలితో క్షమించినప్పుడు పిల్లలకు అన్యాయమవుతుంది.

చివరిదాకా తేలని విషయం ఒకటి మిగిలింది: గడువు దాటాక “కాదు” అనే అధికారం ఎవరిది? రోజూ చూసేది మెంటరే కనుక ఆ మాట మెంటర్‌దే కావాలని ఉపాధ్యాయిని అంటుంది. సాయం చేసే చేత్తోనే గేటు వేయకూడదని, అప్పటివరకు ఆ ఛాత్రోపాధ్యాయుడితో సంబంధం లేని మరో బడి టీచరు, కళాశాల అధ్యాపకుడు కలిసి ఒక పాఠం చూసి తేల్చాలని అధ్యాపకుడు అంటాడు. మెంటర్ రాతలు వారి ముందుంటే ఈ రెండు మాటలకూ పెద్ద దూరం లేదు. 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. కోర్సు ఎన్నేళ్లదైనా, బడిలో మెంటర్‌కు వేళ, నాలుగో వారం కాగితం, మళ్లీ చెప్పించే పీరియడ్, నిజమైన మార్కు అనే ఈ నాలుగూ లేకపోతే విసుగు ఇప్పుడున్న చోటే ఉంటుంది. ఆ నాలుగూ అమలైన బడిలో మాత్రం మెంటర్ విసుగు తగ్గే అవకాశం ఉంది, ఛాత్రోపాధ్యాయుడికి తన స్థితి ఏమిటో మార్కుల షీటు కంటే ముందే తెలుస్తుంది.